అనంతపురం ఎండలో సూపర్‌ఛార్జర్: రోజూ తిరిగే ఎస్‌యూవీకి ప్లాన్ ఎలా వేసుకోవాలి

మా బావమరిది కువైట్ నుంచి వచ్చినప్పుడల్లా ఏదో ఒక పిచ్చి వెంటబెట్టుకుని వస్తాడు. ఒకసారి డ్రోన్. ఇంకోసారి కాఫీ మిషన్. మూడేళ్ళ కిందట మాత్రం వాడికంటే ముందు కార్గోలో ఒక బరువైన అట్టపెట్టె దిగింది. విప్పితే సూపర్‌ఛార్జర్, ఇంజన్‌లోకి గాలిని నొక్కి తోసే యంత్రం. "బావా, మన ఫార్చ్యూనర్‌కి పెట్టేద్దాం" అన్నాడు. 2.7 లీటర్ల పెట్రోల్ బండి, 166 పీఎస్ (దాదాపు హార్స్‌పవర్ అంతే), 245 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం). ఆ బరువుకు పికప్ చాలట్లేదని వాడి బాధ.

పెట్టాం. ఆ తర్వాత మేం చేసిన తప్పుల్లోంచే ఇది రాస్తున్నాను. కాబట్టి కింద ఉన్నది మేం చేసిన వరుస కాదు, చేసి ఉండాల్సిన వరుస.

అందరూ "ఎన్ని హార్స్‌పవర్ వస్తుంది" అనే దగ్గర మొదలుపెడతారు. మన వైపు మాత్రం మే నెల మధ్యాహ్నం రెండు గంటల దగ్గర మొదలుపెట్టాలి. ఏసీ వేసుకుని టవర్ క్లాక్ దగ్గర ట్రాఫిక్‌లో పది నిమిషాలు నిలబడి, అక్కడి నుంచి హైవే ఎక్కి గట్టిగా తొక్కినా ఇంజన్‌కి ఏమీ కాకూడదు. ఆ పూట తట్టుకునే బూస్ట్ (సూపర్‌ఛార్జర్ అదనంగా ఇచ్చే గాలి ఒత్తిడి) ఎంతో, ఏడాది పొడుగునా మీ బూస్ట్ అంతే.

1. మీ బండికి ఇది పనికొస్తుందా?

బొలేరో, స్కార్పియో, సఫారీ డీజిల్ వాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. మీ బండికి టర్బో ముందే ఉంది. టర్బో సైలెన్సర్ వైపు పోయే వేడి పొగతో తిరుగుతుంది, సూపర్‌ఛార్జర్ క్రాంక్ (ఇంజన్ ప్రధాన ఇరుసు) నుంచి వచ్చే బెల్టుతో తిరుగుతుంది. ఇద్దరి పనీ ఒకటే, గాలిని నొక్కి సిలిండర్‌లోకి తొయ్యడం. టర్బో ఉన్న బండికి దీన్ని కూడా తగిలించడం రోజూ వాడే బండి విషయంలో డబ్బు దండగ. టర్బో పెట్రోల్ థార్‌కీ అదే మాట.

టర్బో లేని పెట్రోల్ బండి అయితే ఒక పని చేయండి. వారం రోజులు ఒక నోటు పుస్తకం డ్యాష్‌బోర్డులో పెట్టుకుని, ఏ రోజు ఎక్కడికి వెళ్ళారో, ఎక్కడ పికప్ చాలలేదో రాయండి. మా వాడి పుస్తకంలో ఏడు రోజుల్లో నాలుగు ఎంట్రీలు వచ్చాయి. నాలుగూ హైవే మీద లారీలను ఓవర్‌టేక్ చేసేటప్పుడే, 2,500 నుంచి 4,000 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) మధ్యలోనే. అంటే వాడికి కావాల్సింది పైన ఉండే పవర్ కాదు, మధ్యలో ఉండే టార్క్. తర్వాత కొనే ప్రతి సామానూ ఆ పుస్తకం చూసే కొనాలి.

2. కాగితాలు

మేం దీన్ని చివరికి వదిలేసి దెబ్బతిన్నాం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడే వీలుంది. సీఎన్‌జీ కిట్టుకు ఆమోదం పొందిన దారి ఉంది. సూపర్‌ఛార్జర్ కిట్టుకు అలాంటి సులువైన దారి లేదు.

కాబట్టి రూపాయి ఖర్చు పెట్టకముందే ఆర్టీఓ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి, జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీకీ అంతే. దాచిపెట్టి నడిపితే, రేపు ఎవరికైనా దెబ్బ తగిలినప్పుడు క్లెయిమ్ చేతికి రాకపోవచ్చు. "అందరూ చేస్తున్నారు కదన్నా" అనేవాళ్ళు ఆ రోజు పక్కన ఉండరు. అనుమతి రాకపోతే ఆ బండి సొంత పొలంలోనో ట్రాక్ మీదో తిరగాలి తప్ప రోడ్డు మీద కాదు. గల్ఫ్‌లో ఉండి అక్కడి బండికి పెట్టుకునేవాళ్ళు అక్కడి రూల్స్ కనుక్కోండి. మా వాడి కిట్టు ఇన్సూరెన్స్ రెన్యువల్ దగ్గర ఆగిపోయింది. విప్పి, ఒరిజినల్ సామాన్లు బిగించి, కిట్టును అటక ఎక్కించాం. ఒరిజినల్ మానిఫోల్డ్, ఇంజెక్టర్లు, ఎయిర్ బాక్సు పేర్లు రాసి దాచి ఉంచాం కాబట్టి బతికిపోయాం. మీరూ దేన్నీ పాత సామాన్లకు వేయకండి.

3. ఇంజన్ ఆరోగ్యం

బలహీనమైన ఇంజన్ మీద బూస్ట్ వేయడం, పగుళ్ళిచ్చిన గోడ మీద ఇంకో అంతస్తు లేపడం ఒకటే. కంప్రెషన్ టెస్ట్ (ఒక్కో సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో కొలవడం) తప్పనిసరి, అదీ మీ కళ్ళ ముందు జరగాలి. ఇంజన్ వేడిగా ఉండాలి. ప్లగ్గులన్నీ విప్పాలి. పెట్రోల్, ఇగ్నిషన్ కనెక్షన్లు పీకేయాలి. ఒకరు లోపల కూర్చుని యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టాలి. ఒక్కో సిలిండర్‌కి ఐదారు చుట్లు తిరిగాక గేజ్ మీద అంకె రాసుకోవాలి.

మా షెడ్డులో ఆ రోజు వచ్చిన అంకెలు ఇవి, పీఎస్‌ఐలో (చదరపు అంగుళానికి పౌండ్ల ఒత్తిడి): 178, 175, 152, 176. మూడో దాని దగ్గర మెకానిక్ అన్న ఏమీ మాట్లాడలేదు. ఒక చెంచా ఇంజన్ ఆయిల్ ప్లగ్గు రంధ్రంలో పోసి మళ్ళీ సెల్ఫ్ కొట్టమన్నాడు. ముల్లు 154 దాటలేదు. "రింగులు బాగున్నాయి సార్, గాలి వాల్వు దగ్గర పోతోంది" అన్నాడు. ఆయిల్ పోస్తే అంకె పెరిగితే తప్పు రింగులది, పెరగకపోతే వాల్వులదో హెడ్డు గాస్కెట్‌దో. ఒక చెంచా ఆయిల్‌తో ఇంత తెలుస్తుంది. సిలిండర్ల మధ్య తేడా పది శాతం దాటితే ముందు ఆ జబ్బు నయం చేయించాలి, కిట్టు సంగతి ఆ తర్వాత.

రేడియేటర్ మూత తీసి లోపల వేలు పెట్టి చూడండి. తెల్లటి పొర గరగరలాడుతూ తగిలితే, ఎవరో ఎప్పుడో బోరు నీళ్ళు పోశారన్నమాట. మన అనంతపురం బోరు నీళ్ళు టీ గిన్నెనే వదలవు, రేడియేటర్ గొట్టాలను వదులుతాయా! రేడియేటర్ మార్చండి. ఇకమీదట కూలెంటూ డీమినరలైజ్డ్ నీళ్ళూ తప్ప ఇంకేమీ పోయొద్దు, దారిలో ఎవరు బిందె తెచ్చిచ్చినా సరే.

4. ఏ రకం, ఎంత పుల్లీ

మూడు రకాలున్నాయి. రూట్స్ రకం, ట్విన్ స్క్రూ, సెంట్రిఫ్యూగల్. రూట్స్ పాతకాలపుది. 1860లో అమెరికాలో రూట్స్ అన్నదమ్ములు పేటెంట్ తీసుకున్న బ్లోయర్ అది. కార్లు పుట్టకముందే కొలుములకు గాలి కొట్టింది, మన కమ్మరి తిత్తికి పెద్దన్న అనుకోండి. రూట్స్, ట్విన్ స్క్రూ రెండూ కింది ఆర్‌పీఎం నుంచే బూస్ట్ ఇస్తాయి. సెంట్రిఫ్యూగల్‌లో ఆర్‌పీఎం పెరిగేకొద్దీ బూస్ట్ పెరుగుతుంది, గాలి తక్కువ వేడెక్కుతుంది, కానీ దాని అసలు బలం పైన ఉంటుంది. నోటు పుస్తకంలో మధ్య ఆర్‌పీఎం ఎంట్రీలే ఉంటే మొదటి రెండింట్లో ఒకటి తీసుకోండి. నన్నడిగితే ట్విన్ స్క్రూ, లేదా రోటర్లు మెలితిరిగి ఉండే కొత్త తరం రూట్స్.

పుల్లీ లెక్క కాగితం మీద మీరే వేసుకోవచ్చు. 2.7 లీటర్ల ఇంజన్ రెండు చుట్లకు 2.7 లీటర్లు పీలుస్తుంది, అంటే చుట్టుకు 1.35 లీటర్లు. బ్లోయర్ (అంటే మన సూపర్‌ఛార్జరే) తన చుట్టుకు 0.9 లీటర్ తోస్తుందనుకోండి. క్రాంక్ పుల్లీ 154 మిల్లీమీటర్లు, బ్లోయర్ పుల్లీ 70 అయితే నిష్పత్తి 2.2. ఇంజన్ ఒక చుట్టు తిరిగితే బ్లోయర్ 1.98 లీటర్లు తోస్తుంది. 1.98ని 1.35తో భాగిస్తే 1.47. లోపలి లీకులు పోను 1.4 అనుకోండి. అంటే బయటి గాలికి 1.4 రెట్ల ఒత్తిడి, బూస్ట్ గేజ్ మీద దాదాపు 6 పీఎస్‌ఐ. ఇంజన్ 5,500 దగ్గర ఉంటే బ్లోయర్ 12,100 దగ్గర తిరుగుతుంది. దాని గరిష్ఠ వేగం ఎంతో కంపెనీ కాగితంలో చూసి సరిచూసుకోండి.

కంప్రెషన్ నిష్పత్తి (పిస్టన్ గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందో) 10:1 చుట్టుపక్కల ఉన్న ఇంజన్‌కి, లోపలి పిస్టన్లు ముట్టుకోకుండా, మన ఎండలో 6 పీఎస్‌ఐ చాలు. 166 పీఎస్ బండి 215 దాకా వస్తుంది. ఫోర్జ్‌డ్ (ఎక్కువ ఒత్తిడి తట్టుకునే గట్టి) పిస్టన్లు వేసి 10 పీఎస్‌ఐ నడుపుదామని షెడ్డులో ఎవరో ఒకరు తప్పకుండా సలహా ఇస్తారు. రోజూ పిల్లల్ని స్కూల్లో దింపే బండికి అది వద్దు.

5. వేడి

ఇక్కడే ఎక్కువ టైం పెట్టండి, ఎక్కువ డబ్బు కూడా. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టినప్పుడు అడుగున చెయ్యి పెడితే తెలిసేదే. 25 డిగ్రీల గాలిని 60 శాతం సామర్థ్యమున్న బ్లోయర్‌తో 1.4 రెట్లు నొక్కితే 75 దాకా వెళ్తుంది. అదే 42 డిగ్రీల గాలిని నొక్కితే 95. మన బానెట్ కింద గాలి 42 దగ్గరే ఉంటుందా అంటే, ట్రాఫిక్‌లో ఇంకా ఎక్కువ. అంత వేడి గాలిలో పెట్రోల్ కలిస్తే, ప్లగ్గు వెలిగాక, మంట ఇంకా చేరని ఓ మూల నుంచి తనంతట తాను అంటుకుంటుంది. నాకింగ్ అంటే అదే.

మా బండికి ఇది గువ్వలచెరువులో జరిగింది. కడప నుంచి రాయచోటి వెళ్తూ ఘాట్ ఎక్కాం, కోవా పొట్లం కట్టించుకోవడానికి పది నిమిషాలు ఆగాం. ఇంజన్ ఆపేశాం. ఆగి ఉన్న ఇంజన్ వేడంతా మెల్లగా బ్లోయర్‌లోకి ఎక్కింది. స్టార్ట్ చేసి ఒక లారీని దాటేద్దామని తొక్కితే, గాజు సీసాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు చప్పుడు. రెండు సెకన్లు. మా వాడు కాలు తీసేశాడు. వెనక సీట్లో వాడి అక్క "ఏందిరా ఆ సౌండు" అంటే ఇద్దరం పలకలేదు. ఫోన్‌లో ఓబీడీ యాప్ (ఇంజన్ కంప్యూటర్ అంకెలు చూపించేది) చూస్తే లోపలికి పోయే గాలి 47 డిగ్రీలని చూపిస్తోంది! కిట్టు బిగించినవాళ్ళు గాలి వేడి చూసే సెన్సర్‌ను బ్లోయర్‌కి ముందే వదిలేశారు, బ్లోయర్ దాటాక పెట్టలేదు. నొక్కిన గాలి ఎంత వేడిగా ఉందో ఈసీయూకి (ఇంజన్ కంప్యూటర్‌కి) తెలియనే తెలియదు, అందుకే టైమింగ్ (ప్లగ్గు వెలిగే క్షణం) వెనక్కి లాగలేదు.

అందువల్ల మీ ప్లాన్‌లో ఇవి ఉండాలి. గాలి ఉష్ణోగ్రత సెన్సర్ బ్లోయర్, ఇంటర్‌కూలర్ (నొక్కిన గాలిని చల్లబరిచేది) రెండూ దాటాకే ఉండాలి. ఇంటర్‌కూలర్ నీటితో చల్లబడే రకం తీసుకోండి, దానికి సొంత పంపు, ముందు గ్రిల్లులో సొంత చిన్న రేడియేటర్ కావాలి. ఇంజన్ కూలెంట్‌లో దీన్ని కలపొద్దు, అది 90 డిగ్రీల దగ్గర తిరుగుతూ ఉంటుంది. ఆ చిన్న రేడియేటర్‌ను ఏసీ కండెన్సర్‌కి మొత్తం అడ్డం పెడితే ఇటు ఏసీ చల్లబడదు, అటు ఇంజన్ వేడెక్కుతుంది. కండెన్సర్ కిందనో పక్కనో గాలి సూటిగా తగిలే చోటు వెతకండి, దొరక్కపోతే సన్నటిది తీసుకుని ఫ్యాను పెంచండి. బండి ఆపాక కూడా నీటి పంపు రెండు మూడు నిమిషాలు తిరిగేలా టైమర్ రిలే పెట్టించండి. మా గువ్వలచెరువు కథకు సగం మందు ఆ రిలేనే.

6. పెట్రోల్, ట్యూనింగ్

ఇప్పుడు మన బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. సూపర్‌ఛార్జర్‌కి అది కొంత మేలే, ఇథనాల్ నాకింగ్‌ను తగ్గిస్తుంది. కానీ అదే పనికి పెట్రోల్ ఎక్కువ కావాలి. ఉత్త పెట్రోల్‌కు ఒక కిలోకి 14.7 కిలోల గాలి సరిపోతే, ఈ మిశ్రమానికి 13.5 దగ్గర. ఆ లెక్కన ఇంజెక్టర్లు చూడండి: 215 హార్స్‌పవర్‌కు బూస్ట్‌లో గంటకు సుమారు 63 కిలోల ఇంధనం. నాలుగు ఇంజెక్టర్లకు పంచి, ఒక్కొక్కటి 80 శాతం కంటే ఎక్కువసేపు తెరుచుకోకుండా చూసుకుంటే, ఒక్కోటి నిమిషానికి 450 సీసీ ఇచ్చేది కావాలి. ట్యాంకులోని పంపు అంత ఇవ్వగలదో లేదో కొలిపించాలి, అంచనా మీద వదిలేయకూడదు. 100 ఆక్టేన్ పెట్రోల్‌ను నమ్ముకుని ట్యూన్ చేయించొద్దు. అది పెద్ద నగరాల్లో కొన్ని బంకుల్లోనే ఉంటుంది, ఉరవకొండ దగ్గర రాత్రి పదకొండింటికి అడిగితే బంకు కుర్రాడు మిమ్మల్నే వింతగా చూస్తాడు.

ట్యూనింగ్‌కు మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళేది బెంగళూరు. రెండొందల కిలోమీటర్ల పైచిలుకు, పొద్దున బయల్దేరితే డైనో (బండిని రోలర్ల మీద నడిపి పవర్ కొలిచే యంత్రం) మీదకు మధ్యాహ్నానికి ఎక్కించొచ్చు. మాకు ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఇక్కడుంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. అనంతపురం 350 దగ్గర. అక్కడి గాలి ఒత్తిడి 13.2 పీఎస్‌ఐ అయితే ఇక్కడ 14.1. బెల్టుతో తిరిగే బ్లోయర్ ఒత్తిడిని ఎన్ని రెట్లు పెంచాలో అన్ని రెట్లే పెంచుతుంది కాబట్టి, అక్కడ 5.3 చూపించిన గేజ్ ఇంటికొచ్చాక 5.6 చూపిస్తుంది. సిలిండర్‌లోకి వెళ్ళే ఒత్తిడి ఏడు శాతం పెరిగింది, పైగా ఇక్కడి గాలి ఐదారు డిగ్రీలు ఎక్కువ వేడి. బెంగళూరు చల్లగాలిలో అంచు దాకా ముందుకు జరిపిన టైమింగ్ ఇక్కడ అంచు దాటుతుంది. కర్నూలు వాళ్ళు హైదరాబాద్ వెళ్తే ఎత్తు తేడా తక్కువే, ఎండ తేడా మాత్రం చూసుకోవాలి.

కాబట్టి ట్యూనర్‌తో ముందే ఒప్పుకోండి: డైనో మీద టైమింగ్ రెండు మూడు డిగ్రీలు వెనక్కే ఉంచాలి, గాలి వేడి 60 దాటితే ఇంకా వెనక్కి లాగాలి, ఊరికొచ్చాక మీరు తీసి పంపే లాగ్ (బండి నడుస్తుండగా తీసిన ఇంజన్ అంకెల రికార్డు) చూసి సరిచేయాలి. ఫుల్ బూస్ట్‌లో ల్యాంబ్డా (సరిగ్గా సరిపోయే గాలిలో ఎంత వంతు ఉందో చెప్పే అంకె, 1 కంటే తక్కువైతే పెట్రోల్ ఎక్కువని) 0.80 నుంచి 0.83 మధ్య అడగండి. మిశ్రమంలో ఇథనాల్ మారినా ల్యాంబ్డా అంకె అర్థం మారదు, అందుకే ఆ అంకెల్లోనే మాట్లాడండి. ల్యాంబ్డాను కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ బండికే శాశ్వతంగా ఉండాలి. ప్లగ్గులు ఒక మెట్టు చల్లటివి (వేడిని త్వరగా వదిలే రకం), గ్యాప్ 0.7 మిల్లీమీటర్ల దగ్గర.

7. మిగిలినవి

దుమ్ము: నల్లరేగడి దారులు, తాడిపత్రి వైపు బండల పొడి. బ్లోయర్ రోటర్ల మధ్య సందు వెంట్రుక మందం, అందులో ఇసుక రేణువు పడితే పూత గీసుకుపోతుంది. చూడ్డానికి బాగుంటుందని బయటికి కనబడే కోన్ ఫిల్టర్ పెట్టొద్దు, బానెట్ వేడిగాలే పీలుస్తుంది. మూసి ఉన్న బాక్సులో కాగితం ఫిల్టర్ ఉంచి, సగం గడువుకే మార్చండి.

బెల్టు: ఏసీ, ఆల్టర్నేటర్ లాగుతున్న బెల్టు మీదే ఇంకో పన్నెండు, పదిహేను హార్స్‌పవర్ భారం పడుతుంది. పుల్లీలన్నీ ఒకే గీతలో ఉన్నాయో లేదో లేత్ దగ్గర నిలబడి, నిటారు స్కేలు పెట్టి చూడండి. స్పేర్ బెల్టు ఒకటి డిక్కీలో పడేయండి.

టార్క్ 245 నుంచి 315 దాటుతుంది కాబట్టి మాన్యువల్ అయితే క్లచ్ ప్లేట్, ఆటోమేటిక్ అయితే గేర్ ఆయిల్ కూలర్ లెక్కలో వేసుకోండి. బ్రేకులు చెప్పక్కర్లేదు. డబ్బు విషయంలో నాది ఒకటే లెక్క: కిట్టుకు ఎంత పెడుతున్నారో, చుట్టూ ఉన్న పనులకు అంతే పక్కన ఉంచండి. లేకపోతే కిట్టు కొనొద్దు. నెల రోజులు తిరగడానికి ఇంకో బండి కూడా చూసుకోండి, మనవాళ్ళు "మూడు రోజుల్లో ఇచ్చేస్తా అన్నా" అంటే నెల అని అర్థం.

8. మొదటి వెయ్యి కిలోమీటర్లు

మొదటి 500 కిలోమీటర్లు సగం కంటే ఎక్కువ తొక్కొద్దు. రోజూ పొద్దున కూలెంట్, ఆయిల్ మట్టం, బెల్టు అంచులు చూడండి. తర్వాత ఒక మధ్యాహ్నం ఎండలో బండిని అరగంట ఆపి ఉంచి, స్టార్ట్ చేసి, ఖాళీ రోడ్డు మీద మూడో గేర్‌లో లాగి లాగ్ తీయండి. గాలి వేడి, టైమింగ్, నాక్, ల్యాంబ్డా, ఈ నాలుగూ ట్యూనర్‌కి వెళ్ళాలి. చల్లటి పొద్దున తీసిన లాగ్ పంపితే మిమ్మల్ని మీరే మోసం చేసుకున్నట్టు.

వెయ్యి దగ్గర ఆయిల్ మార్చి, పాత ఫిల్టర్‌ను పారేయకుండా డబ్బా కోయించి లోపలి కాగితం బయటికి లాగండి. ఆయిల్ పిండేసి, ఎండలో పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. ఉత్త నల్లగా ఉంటే నడుపుకోండి. ముగ్గుపొడిలా మెరుపు కనబడితే లోపల లోహం అరుగుతోందని అర్థం, తాళం చెవి మెకానిక్ చేతికిచ్చి ఆటోలో ఇంటికి రండి.